యమునాబాయి తెచ్చిన మూగతెర

యమునాబాయికి కడుపులో మంట రేగింది తన టీవీ చెడిపోయినందుకు కాదంట. చెడిపోయిన మర్నాటి నుంచి మొగుడు గోవిందరావు పీట చంకలో పెట్టుకుని ఎదురింటికి పోతన్నాడే, అందుకంట. ఎదురిల్లు పరాయోళ్ళది కాదు, సొంత తోడికోడలు తారాబాయిది. అదిగో, అప్పుడే నవ్వుతున్నారు. మీ ఇంటాయన పోయి కూర్చుంటే తెలిసొచ్చుద్ది మీకు. రావులదిన్నెలో బొమ్మలోళ్ళ వీధి అని ఉందనుకో, ఆ వీధిలో అందరూ తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలే. మేకతోలు గీకి, ఆరబెట్టి, బొమ్మ చెక్కి, రంగులేసి, తెల్లపంచెలు కలిపి కుట్టి తెర కట్టి, వెనకాల దీపం పెట్టి ఊరూరా ఆడించినోళ్ళు. ఇప్పుడు ఎవరు పిలుస్తన్నారు ఆటకి? అదే తోలుతో లాంప్ షేడ్లు చేసి అమ్ముకుంటన్నారు. తారాబాయి మొగుడు, అంటే గోవిందరావు తమ్ముడు, ఆ లాంప్ షేడ్ల మూటేసుకుని ఎగ్జిబిషన్లని పట్నాలు పట్టుకు తిరుగుతా ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. అట్టా వచ్చినప్పుడు పెద్ద టీవీ ఒకటి తెచ్చి గోడకి కొట్టించి, దాని కింద పొడుగాటి స్పీకరు పెట్టించి, మళ్ళీ మూటేసుకుని పోయాడు. ఇంక చూస్కో. పొద్దుగూకేసరికి వీధి వీధంతా తారాబాయి ముందుగదిలో. పీటలేసుకునేవాళ్ళు, చాపలేసుకునేవాళ్ళు, గడప మీదే చతికిలబడేవాళ్ళు. అందరూ యమునాబాయి వాకిలి ముందు నుంచే పోవాల, వేరే దారి లేదు. పోతా పోతా పలకరిస్తారు కూడా, ఏం యమునక్కా, సీరియల్ టైమైంది, రావా అని. అది పలకరింపా, పుండు మీద కారమా, మీరే చెప్పండి.

ఈ మంట ఇయ్యాల పుట్టింది కాదు. ఆటలు ఆడించే రోజుల్లో తెర వెనకాల ఆడగొంతులన్నీ వీళ్ళిద్దరివే. పెద్దకోడలు యమునాబాయిది రాణి గొంతు. చిన్నకోడలు తారాబాయిది సవతి గొంతు. రాణి ఏడవాల, సవతి నవ్వాల. యమునాబాయి రాగం తీసి ఏడిస్తే ముందువరస ఆడోళ్ళు కొంగు కళ్ళకి పెట్టుకునేవాళ్ళంట, నిజమే, నేను కాదనను. కానీ ఏమైందంటే, ఆట అయిపోయాక జనం తెర వెనక్కి వచ్చి ఏమడుగుతారు? ఆ నవ్వినామె ఎవరమ్మా, ఏదీ, ఒకసారి నవ్వమ్మా, అని అడుగుతారు. ఏడ్చినామెని ఎవరూ ఏమీ అడగరు. ఏడుపు మన ఇళ్ళల్లో లేదా ఏంది, అడిగి మరీ వినటానికి. ఒక ఊళ్ళో అయితే మోతుబరి భార్య సవతి గొంతుకి చీర పెట్టి, రాణి గొంతుకి జాకెట్టు ముక్క పెట్టిందంట. ఆ జాకెట్టు ముక్క యమునాబాయి కుట్టించుకోలా, పారెయ్యలా. పెట్టె అడుగున అట్టాగే మడత పెట్టి ఉంచింది. ఎందుకుంచావు అంటే, చూసుకోటానికి, అంటది. ఏం చూసుకుంటదో!

ఇప్పుడు ఆ జనమే మళ్ళీ పోయి తారాబాయి ముందర కూర్చున్నారు. యమునాబాయి అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుద్ది. అందులో రాళ్ళు లేవు, అయినా ఏరుద్ది. చూపంతా ఎదురింటి కిటికీ మీద. ఆ స్పీకరు మోత ఎంతంటే, సీరియల్లో అత్త కసిరితే యమునాబాయి ఇంట్లో గిన్నెలు అదిరేవంట. ఎంత టెక్కు చూడు దీనికి, టీవీ కొన్నానని ఊరంతా తెలియాలని ఇంత మోత పెట్టుద్ది, అనుకునేది. ఆ మోత మధ్యలో మొగుడి నవ్వు వినపడేది. అప్పుడు మాత్రం చేటలో చెయ్యి ఆగిపోయేది. ఇంట్లో ఈ మనిషి నవ్వి ఎన్నాళ్ళయింది? తను ఏదన్నా చెప్తే ఊఁ అంటాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఏమయ్యా, గోంగూర నూరా, తిని పో, అంటే తలూపుతాడు, తినకుండా పీట చంకలో పెట్టుకుంటాడు. మద్దెల వాయించినన్నాళ్ళూ తన పాటలో ఊపిరి ఎక్కడ తీసుకుంటదో ఆయనకే తెలిసేది, అంత కనిపెట్టుకుని ఉండేవాడు. ఆ మనిషేనా ఈ మనిషి? ఒకరోజు ఆపుకోలేక వాకిట్లోనే నిలదీసింది. 'ఆ ఇంట్లో ఏముందయ్యా మన ఇంట్లో లేంది?' గోవిందరావు కాసేపు ఆమె మొహం వంక చూసి, 'అక్కడ బాగుంటది యమునా' అన్నాడంట. అంతే, పీట తీసుకుని పోయాడు. కట్టుకున్నదాని మొహం మీద అనాల్సిన మాటేనా అది? యమునాబాయి ఆ రాత్రి అన్నం తినలా. తినకుండా ఒక నిర్ణయానికొచ్చింది. దాని టీవీ కంటే పెద్దది తేవాల. వీధి మొత్తాన్నీ ఇటు తిప్పాల. వీధి తిరక్కపోయినా ఆ ఒక్క పీట ఇటు తిరగాల.

పెద్దది అంటే ఎంత పెద్దది? కొలవాలి కదా. టేపు పట్టుకుని పోయి తోడికోడలి టీవీ కొలిస్తే పరువుంటదా? యమునాబాయి ఏం చేసిందంటే, పాత పెట్టెలోంచి రాణి బొమ్మని తీసింది. ఆ బొమ్మ కిరీటం నుంచి కాలి కడియం దాకా ఎంతుంటదో ఆమె ఒంటికి తెలుసు. మధ్యాహ్నం పూట, జనం లేనప్పుడు, బొమ్మని కొంగుతో తుడుస్తా ఎదురింటికి పోయింది. 'ఏమే తారా, దీని భుజం కాడ చిరిగినట్టుంది, నా ఇంట్లో వెలుతురు చాలటం లేదు, నీ టీవీ వెయ్యి, ఆ వెలుగులో పట్టి చూసుకుంటా' అంది. తారాబాయి ఏమన్నా అమాయకురాలా? టీవీ వేసింది. రాణిగారు టీవీకి అడ్డంగా పడుకున్నారు, నిలువుగా నిలబడ్డారు, ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా ఒరిగారు. తారాబాయి గోడకానుకుని అంతా చూసింది. చూసి, 'అట్టనా అక్కా, చిరుగు దొరికిందా?' అంది. ఆమెకి అదొక అలవాటు, ప్రతి దానికీ అట్టనా అక్కా అనటం, అని ముక్కుతో నవ్వటం. 'దొరికింది' అంది యమునాబాయి. 'ఎంత ఉందేంది?' 'ఉందిలే, నీకెందుకు.' 'ఏం లేదక్కా, మా ఆయన కొలతలు రాసిన అట్టపెట్టె అటక మీదే ఉంది, కావాలంటే ఇస్తా.' ఆ మాటకి యమునాబాయి ఇంటికి ఎట్టా వచ్చిందో ఆమెకే తెలియదంట.

మర్నాడు పొద్దున్నే చీటీ డబ్బులు రొంటిన దోపుకుని, రాణి బొమ్మని చాపలో చుట్టుకుని, నర్సరావుపేట బస్సెక్కింది. మొగుణ్ణి తీసుకుపోలేదు. ఆయన వస్తే, ఎందుకులే, తారా ఇంట్లో ఉంది కదా, అంటాడేమోనని భయం. ఒక పెద్ద షాపులోకి పోయింది. గోడంతా టీవీలే, అన్నిట్లో ఒకే చేప ఈదుతా ఉంది. సేల్స్‌మెన్ వచ్చి ఆ కంపెనీ ఈ కంపెనీ అని చెప్పబోయాడు. యమునాబాయికి కంపెనీలతో ఏం పని? తెరని ఎట్టా ఎంచుకోవాలో ఆమెకి పుట్టినప్పటి నుంచి తెలుసు. ముందు బొమ్మ పట్టి చూసింది. తారాబాయి టీవీకి రాణి కిరీటం మూలకి సరిగ్గా తగిలింది. ఇక్కడ కిరీటం పైన ఇంకా జాగా మిగలాల. తర్వాత, అన్నీ ఆపమంది. ఆపితే చూద్దుము కదా, ఒక్కో టీవీ అద్దంలా మెరుస్తా ఉంది, ట్యూబులైట్లు అందులో కనపడతన్నయ్యి, సేల్స్‌మెన్ బట్టతల కనపడతంది, తన మొహం కనపడతంది. 'తెర మీద నా మొహం నేను చూసుకోటానికి ఇంత దూరం రాలేదు నాయనా' అని అవన్నీ పక్కన పెట్టించింది. తర్వాత మిగిలినవి మళ్ళీ వేయించి, షాపు చివర గోడ వారగా పోయి, వంగి, ఆ చివర నుంచి చూసింది. ఆటలో అందరికంటే వెనకాల, పక్కవాటుగా కూర్చునే ముసలోళ్ళకి కూడా రాణి రాణిలాగే కనపడాల, బూడిద పూసినట్టు కనపడకూడదు. ఇన్ని పరీక్షలకీ నిలిచింది ఒక్కటే. టీవీల వరసలో లేదది, పక్కన కంప్యూటర్ల కాడ ఉంది. పెద్దది, మెరుపు లేదు, ఉతికి ఆరేసిన నల్లపంచెలాగుంది. వేస్తే చేప పొలుసు పొలుసుకీ రంగు వేరుగా కనపడింది. బొమ్మ పట్టి చూసింది. కిరీటం పైన ఇంకా బెత్తెడు జాగా!

'అది టీవీ కాదమ్మా, మానిటరు' అన్నాడు సేల్స్‌మెన్. 'డిజైన్లు గీసుకునేవాళ్ళు కొంటారు.' 'మేమూ డిజైన్లు గీసేవాళ్ళమే' అంది యమునాబాయి. 'అది కాదమ్మా, దీంట్లో చానళ్ళు రావు.' 'చానళ్ళ డబ్బా మా ఇంట్లో ఉంది. పాత టీవీకి పెట్టింది. అందులోంచి వైరు పెడితే బొమ్మ వచ్చుద్దా, రాదా?' 'వచ్చుద్ది.' 'మరింకేంది?' 'దీంట్లో సౌండ్ రాదమ్మా, స్పీకర్లు ఉండవు. సౌండ్‌కి వేరే...' ఇక్కడే, బాగా వినండి, ఇక్కడే పడింది ముడి. ఆయన చెప్పలేదని అనకండి, చెప్పాడు. కానీ ఆమె ఎవరు? పుట్టింది తెర వెనకాల. తెర బొమ్మని చూపించుద్ది, మాట తెర వెనక నుంచి వచ్చుద్ది, ఇది ఆమెకి సూర్యుడు తూర్పున పొడవటంలాంటి సంగతి. దానికి తోడు ఇంట్లో పాత టీవీకి సౌండు పెంచాలన్నా తగ్గించాలన్నా డబ్బా రిమోటే నొక్కేది. అంటే ఏమనుకుంది? బొమ్మ తెరది, గొంతు డబ్బాది అనుకుంది. ఈ టీవీలు అమ్మేవాళ్ళు తెరకి కూడా గొంతు పెట్టి ఎక్కువ గుంజుతన్నారు అనుకుంది. అందుకని ఆ సేల్స్‌మెన్ని జాలిగా చూసి, 'తెరకి గొంతెందుకు నాయనా? సౌండు సంగతి మాకు చెప్పబాక. సౌండు మా ఇంటి విద్య' అంది. ఆయన ఇంకేమంటాడు? పాపం, ఈ ఇంటోళ్ళకి మైకుసెట్టు ఉందేమో అనుకుని బిల్లు రాశాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే, ఇద్దరూ ఎదుటి మనిషికి తెలుసులే అనుకున్నారు.

సాయంత్రానికి ఆటోలో మానిటరు వీధిలోకి వచ్చింది. అట్టపెట్టె తారాబాయి గుమ్మం ముందు కాసేపు దించి, 'అబ్బ, ఎంత బరువుందో' అని నడుం పట్టుకుని, మళ్ళీ ఎత్తించి తన ఇంటికి మోయించిందంట. ఎందుకు దించిందో మీకు చెప్పక్కర్లేదుగా. వాకిలి ఊడ్చి, ముందుగదిలో చాపలు పరిచి, వీధి మొదటి నుంచి చివర దాకా ప్రతి ఇంటికీ పోయి చెప్పింది, ఇయ్యాల సీరియల్ మా ఇంట్లో అని. చివరికి ఎదురింటి గడపలో కూడా నిలబడి, 'నువ్వూ రావే తారా, మా ఇంట్లో జాగాకి తక్కువేం లేదు' అంది. మొగుడికి అందరికంటే ముందు, సరిగ్గా మధ్యలో, పీట వేసింది. గోవిందరావు ఎదురింటి వైపు ఒక చూపు చూసి, పెళ్ళాం మొహం చూసి, ఆ పీట మీదే కూర్చున్నాడు. కేబులాయన వచ్చాడు, మానిటర్ని బల్ల మీద నిలబెట్టాడు, డబ్బా నుంచి వైరు పెట్టాడు, నొక్కాడు. బొమ్మ వచ్చింది. అబ్బబ్బ, ఏం బొమ్మ! సీరియల్లో పెద్దకోడలి ముక్కుపుడకలో రాయి కూడా లెక్కపెట్టొచ్చంట. ఆడోళ్ళంతా ఆఁ అన్నారు. యమునాబాయి ఎదురుగా కూర్చున్న తారాబాయి మొహం చూసింది. ఆ మొహంలో ఒక నరం లాగినట్టు కదిలింది. ఆ ఒక్క కదలిక కోసం ఎన్నేళ్ళు కాచుకుంది! ఆ సుఖం ఎంతసేపు? తెర మీద చిన్నకోడలు నోరు తెరిచింది. మూసింది. పెద్దకోడలు చెయ్యి తిప్పింది, నోరు తెరిచింది. చప్పుడు లేదు. 'సౌండు పెట్టయ్యా' అంది యమునాబాయి. కేబులాయన రిమోటు నొక్కాడు, డబ్బా తట్టాడు, మానిటరు వెనక్కి పోయి తొంగి చూశాడు. 'అక్కా, దీనికి స్పీకర్లు లేవు. డబ్బాలోనూ ఉండవు. మాట యాడ నుంచి వచ్చుద్ది?' అన్నాడు.

మూడిళ్ళ అవతలుండే కాశమ్మ ఉంది చూశారూ, ఆమె నోటికి గొళ్ళెం లేదు, 'ఇంత సొగసైనదాన్ని తెచ్చి, మూగదాన్ని తెచ్చావేంది యమునా?' అంది. కిసుక్కుమని ఒక నవ్వు, దాని వెనకాల ఇంకోటి. సీరియల్ పోతందని ఇద్దరు ముగ్గురు చాపల మీద నుంచి లేవబోతన్నారు. అప్పుడు తారాబాయి లేచింది. లేచి ఎంత మెత్తగా అందో తెలుసా? 'అక్కా, మా ఇంట్లో స్పీకరు ఉంది కదా, ఊడదీసి తెచ్చి పెట్టనా? నీకు కాకపోతే ఎవరికి.' తిడితే ఓర్చుకోవచ్చు. గేలి చేస్తే తిరిగి చెయ్యొచ్చు. సాయం చేస్తానని వచ్చిన చేతిని ఏం చేస్తాం? యమునాబాయికి తల దగ్గర నుంచి కాళ్ళ దాకా నిప్పంటుకుంది. 'నా తెరకి నీ గొంతు అరువు తెచ్చుకోవాల్సిన ఖర్మ నాకు పట్టలేదు. కూర్చోండి అందరూ!' అని ఒక్క అరుపు అరిచింది. కొంగు బొడ్లో దోపింది, చెక్కపీట ఒకటి కాలి కిందకి లాక్కుంది, మానిటరు పక్కన, ఒక కన్ను బొమ్మ మీద ఒక కన్ను జనం మీద ఉండేట్టు చేరగిలబడి, గొంతు సవరించుకుంది.

పెద్దకోడలు నోరు తెరవటం ఆలస్యం, యమునాబాయి రాణి గొంతు ఎత్తుకుంది. అత్త నోరు తెరిస్తే అత్త గొంతు, మామ దగ్గితే మామ దగ్గు. ఎవరో తలుపు ధడాలున వేస్తే కాలి కింద చెక్కపీట ఒక్క తొక్కు తొక్కింది, ముందు కూర్చున్నోళ్ళు ఉలిక్కిపడ్డారు. లేవబోయినోళ్ళు కూర్చున్నారు. ఇంక చిన్నకోడలి వంతొచ్చింది. యమునాబాయి ఏం చేసిందంటే, ముక్కు నొక్కిపట్టి, 'అట్టనా అక్కా' అంది! గది పగిలిపోయింది నవ్వులతో. కాశమ్మ చాప మీద దొర్లిందంట. చిన్నకోడలు ఏం మాట్లాడినా అట్టనా అక్కా, ముక్కుతో ఒక నవ్వు. 'అట్టనా అక్కా, నీ మనుషుల్ని నేను పిలవలేదక్కా, వాళ్ళే వస్తన్నారక్కా.' వీధి మొత్తానికి అర్థమైంది, ఇది సీరియల్ కాదని. తారాబాయికి ముందే అర్థమైంది. ఆమె ఊరుకుంటదా? ఆమె కూడా తెర వెనక పుట్టిందే. చరచరా వచ్చి మానిటరు రెండో పక్కన కూలబడి, తెర మీద చిన్నకోడలు మళ్ళీ పెదవి కదిపేసరికి యమునాబాయి నోట్లో మాట లాగేసుకుంది. ఇంక కాస్కో. తెర మీద ఇద్దరు కోడళ్ళు కూర గురించి పోట్లాడుకుంటన్నారో, కోక గురించి పోట్లాడుకుంటన్నారో, ఎవరిక్కావాల! 'ఏమే, నా ఇంటి మనిషిని నీ ముందుగదిలో కట్టేసుకున్నావు, ఏం మందు పెట్టావే?' అంటది పెద్దకోడలు. 'మందు పెట్టలేదు, సౌండు పెట్టా' అంటది చిన్నకోడలు. 'ఆ మోత ఎవరికి చూపించుకోటానికే, నీ గొప్ప?' 'గొప్పకి కాదు. వినపడని మనిషి కోసం పెట్టా. నీ మొగుడికి చెవులు పోతన్నయ్యక్కా. పక్కలో పడుకునేదానివి, నువ్వు చూసుకున్నావా?'

తెర మీద పెద్దకోడలు నోరు తెరిచింది. మాట రాలా.

యమునాబాయి జనం వైపు తిరిగింది. మీరొకటి ఆలోచించండి, పంచె తెర వెనకాల ఉన్నన్నాళ్ళూ ఆమె జనం మొహాలు చూసిందే లేదు. దీపం ఇటుంటది, జనం అటు చీకట్లో ఉంటారు, నవ్వు వినపడేదే కానీ నవ్వే మొహం కనపడేది కాదు. ఇప్పుడు పక్కన కూర్చుంది కాబట్టి అన్నీ కనపడతన్నయ్యి. మధ్యలో గోవిందరావు. అందరూ నిశ్శబ్దంగా ఉంటే ఆయన ఇంకా ముందటి మాటకి నవ్వుతున్నాడు. నవ్వుతా నవ్వుతా పక్కనోళ్ళ మొహాలు చూసి, వాళ్ళు నవ్వటం లేదని తెలుసుకుని, నవ్వు ఆపేశాడు. అంటే ఇందాకటి నుంచి ఆయన నవ్వింది తన మాటలకి కాదు. పక్కనోళ్ళు నవ్వుతుంటే చూసి నవ్వాడు. వెనక నుంచి పిలిస్తే పలక్కపోవటం, గోంగూర నూరానంటే తలూపి లేచిపోవటం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డయ్యి. యమునాబాయి మానిటరు పక్క నుంచి లేచి, పోయి మొగుడి ఎదురుగా, తెరకి వీపు పెట్టి కూర్చుంది. నోరు బాగా తెరిచి, నిదానంగా, 'ఏమయ్యా, వినపడుద్దా?' అంది. 'ఎదురుగా ఉంటే తెలుస్తది' అన్నాడాయన. 'నాతో ఎందుకు చెప్పలేదు?' 'నీ పాటకి మద్దెల వాయించినోణ్ణి. నీ పాటే వినపడటం లేదని నీతో ఎట్టా చెప్పేది యమునా?' ఆడోళ్ళంతా మళ్ళీ కొంగులు కళ్ళకి పెట్టుకున్నారంట, పాత రోజుల్లోలాగే. యమునాబాయి మాత్రం ఏడవలా. ఏమడిగిందో తెలుసా? 'మరి దానికెందుకు చెప్పావు?' అని అడిగింది! 'దానికి నేను చెప్పలా. సౌండు పెంచమ్మా, పెంచమ్మా అంటే అదే కనిపెట్టింది' అన్నాడు. ఆ జవాబు ముందరి జవాబు కంటే ఎక్కువ కాలింది ఆమెకి. చెప్పి ఉంటే తప్పు ఆయనది. కనిపెట్టిందంటే తప్పు ఎవరిది?

ఇంక తోడికోడళ్ళు కావలించుకున్నారు, కథ కంచికి పంపిద్దాం అనుకుంటన్నారు మీరు. ఆగండి. మర్నాడు సాయంత్రం నుంచి వీధంతా యమునాబాయి ఇంట్లోనే. స్పీకర్లో వినే సీరియల్ ఎవరికి కావాల, ఇది ఇంకోచోట దొరుకుద్దా? యమునాబాయి మొగుడికెదురుగా కూర్చుని, మెడ తిప్పి తెర వంక ఒక చూపు, మళ్ళీ ఇటు తిరిగి ఆయన మొహం మీద నాలుగు మాటలు. ఆయన ఆమె పెదాలు చూసి వింటాడు, ఇప్పుడు అందరితో పాటు నవ్వుతాడు, ఒక్కోసారి అందరికంటే ముందే నవ్వుతాడు. తారాబాయి పక్కన కూర్చుని చిన్నకోడలి గొంతు చెప్పుద్ది. బానే ఉంది కదా? బానే ఉండేది, కానీ ఏమైందంటే, మాట వినాలంటే మాట్లాడేవాళ్ళ మొహం చూడాల గోవిందరావు. చిన్నకోడలు మాట్లాడిందనుకో, ఆయన మొహం తారాబాయి వైపు తిరుగుద్ది. అదీ ఊరికే చూడటం కాదు, కళ్ళు విప్పార్చి, పెదాల వంకే రెప్పెయ్యకుండా చూడటం. మీరైతే ఓర్చుకుంటారా? యమునాబాయి మొదటిరోజు ఓర్చుకుంది. తర్వాత రోజు దగ్గింది. ఆ తర్వాత రోజు చిన్నకోడలు నోరు తెరవకముందే, 'నీకు గొంతు బొంగురుపోయిందే తారా, కషాయం తాగి పడుకో' అని ఆ మాటలు కూడా తనే లాగేసుకుంది. అప్పటి నుంచి అందరి గొంతులూ ఆమెవే. తారాబాయి గోడకానుకుని కూర్చుని, అట్టనా అక్కా అని మనసులో అనుకుంటా చూస్తది.

చెవుల డాక్టరు దగ్గరికి పోలేదా అంటారేమో, పోయారు. మిషను ఇచ్చారు. పెట్టుకుంటే ఈల వేస్తందని గోవిందరావు చొక్కా జేబులో వేసుకు తిరుగుతాడు. ఆ జేబు గుండీ ఎవరు పెడతారో నేను చెప్పను. వీధోళ్ళు పాపం, అందరం తలా కాస్త వేసుకుని నీకొక స్పీకరు కొనిపెడతాం యమునక్కా, రోజూ గొంతు చించుకుంటన్నావు, అని వచ్చారు. యమునాబాయి వాళ్ళని గడప కూడా దాటనివ్వలా. స్పీకరు వస్తే ఆయన స్పీకరు వింటాడు, నా మొహం ఎందుకు చూస్తాడు, అందంట. తోడికోడలి మీద కుళ్ళుకున్న ఆడోళ్ళని చూశా, సవతి మీద కుళ్ళుకున్నోళ్ళని చూశా, కొనని స్పీకరు మీద కుళ్ళుకున్నామెని ఈమెనే చూశా. తప్పని మీరంటే అనండి, ఆ మొహం ఎటు తిరగాలని ఆమె ఆ తెర తెచ్చిందో అటే తిరిగి ఉంది, నేను మాత్రం ఆమె పక్షమే. ఒక్కటే చిక్కు. పక్క ఊరోళ్ళు చెప్పారు, ఆ సీరియల్లో చిన్నకోడలు ఎప్పుడో మారిపోయిందంట, బుద్ధి తెచ్చుకుని పెద్దకోడలికి కిడ్నీ కూడా ఇచ్చిందంట. మా రావులదిన్నెలో మాత్రం ఆ విషయం ఇంకా ఎవరికీ తెలియదు. ఇక్కడ అది ఇప్పటికీ చెడ్డదే.